రాకడ దాకా చేయవలసిన పని

ప్రియమైన తల్లికి,

పర్యావరణ ఆదివారం నాడు నిన్ను వాక్యం చెప్పమన్నారని చదివి సంతోషించాను. సంఘ పెద్దల్లో ఒకాయన అప్పుడే అడ్డుతగిలిన సంగతీ రాశావు. లోకం ఎలాగూ కాలిపోయేదే, క్రీస్తు రాకడ గుమ్మంలో ఉంది, ఆత్మల సంగతి చూడక చెట్ల సంగతి మనకెందుకు అన్నారట. ఆ మాటను తేలిగ్గా తీసిపారెయ్యకు. ఆయన పేతురు రెండవ పత్రిక మూడో అధ్యాయం చదివే అడుగుతున్నారు. నువ్వూ ఆ అధ్యాయమే తెరిచి చివరిదాకా చదువు. పేతురు అగ్ని దగ్గర ఆగిపోలేదు. అలాంటి రోజు రాబోతోందని తెలిసినవాళ్ల నడవడి ఎలా ఉండాలో అడిగాడు, నీతి నిలిచే కొత్త భూమి మీద ఆశ పెట్టమన్నాడు. మత్తయి 24లో యజమాని రావడం ఆలస్యమని తోటి పనివాళ్లను కొట్టిన దాసుడున్నాడు. యజమాని వచ్చి అతణ్ణి ఏం చేశాడో కూడా అక్కడే ఉంది. రాకడ ఎప్పుడన్నది మన చేతిలో లేదు. ఆ వేళకు మనం ఏ పనిలో కనబడతామన్నది మన చేతిలోనే ఉంది. నీ ప్రసంగానికి ఇదే వెన్నెముక కావాలని నా అభిప్రాయం.

ఇక లేఖనాలు. చాలామంది ఆదికాండం మొదటి అధ్యాయంలో మనిషికి ఇచ్చిన అధికారం దగ్గరే బైబిలు మూసేస్తారు. 1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, ప్రకృతి ఇలా పాడవడానికి పాశ్చాత్య క్రైస్తవం పెంచిన ఈ ధోరణే మూలమన్నాడు. అది విని నొచ్చుకోకు, అందులో కొంత నిజముంది. కానీ రెండో అధ్యాయంలోనే దేవుడు మనిషిని తోటలో పెట్టి, సేద్యం చేసి కాపాడే పని అప్పగించాడు. జలప్రళయం తర్వాత నిబంధన నోవహు ఇంటివాళ్లతోనే చేయలేదు, ఓడలోంచి బయటికొచ్చిన పక్షులతో, పశువులతో, ప్రతి ప్రాణితో చేశాడు. పట్టణాన్ని ముట్టడించినా పండ్ల చెట్లు నరకవద్దని ద్వితీయోపదేశకాండం 20 చెబుతోంది. లేవీయకాండం 25 ఇంకా స్పష్టం: నేల దేవుడిది, దాన్ని శాశ్వతంగా అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు, ఏడో ఏట దానికీ విశ్రాంతి ఇవ్వాలి. మన డెల్టాలో కౌలంటే ఎవరికీ విడమరచక్కర్లేదు. కౌలుదారు పంట తినొచ్చు గాని, పొలం మట్టి తవ్వి ఇటుక బట్టీకి అమ్ముకోకూడదు. ఇశ్రాయేలీయులు ఆ విశ్రాంతి ఇవ్వలేదు. వాళ్లు చెరలోకి పోయాక పాడుబడిన నేల తన విశ్రాంతి తనే తీసుకుందని దినవృత్తాంతముల రెండవ గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. ఆ భాగం సంఘంలో చదివి వినిపించు. చాలామంది మొదటిసారి వింటారు.

సైన్సు చెప్పడానికి సంకోచించకు, అలాగని అంకెలతో ఊదరగొట్టకు. బొగ్గు, చమురు మండించడం ఇంతగా పెరగకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అది వేడిని పట్టి ఉంచుతుంది, సముద్రం వేడెక్కుతుంది, వేడెక్కిన సముద్రం తుపానుకు బలమిస్తుంది. ఇంతవరకు చాలు. విశ్వాసులు ఇలాంటివి మాట్లాడొచ్చా అని ఎవరైనా సందేహిస్తే జాన్ హౌటన్ పేరు చెప్పు. వేల్స్ దేశస్థుడైన ఆ వాతావరణ శాస్త్రవేత్త ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘంలో శాస్త్రీయ అంచనాల విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. సువార్తిక క్రైస్తవుణ్ణని బాహాటంగా చెప్పుకున్నాడు కూడా. మిగతా సంఘాలూ ఊరుకోలేదు. 1989లో ఆర్థడాక్స్ సంఘ పాత్రియార్కు మొదటి దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' అనే లేఖను పూర్తిగా ఈ విషయం మీదే రాశాడు. ఈ తలనొప్పి నువ్వు కొత్తగా తెచ్చిపెట్టిందేమీ కాదని మన పెద్దలకు తెలియాలి.

అసలు బరువు పెట్టవలసిన చోటు పొరుగువాడు. 2015 వేసవి వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. ఎండలో పని మానితే ఇల్లు గడవనివాళ్లకే వడదెబ్బ ముందు తగులుతుంది. వాళ్లలో ఎందరో మన సంఘాల్లో చాపల మీద కూర్చునేవాళ్లే. విశ్రాంతి దినపు ఆజ్ఞ దాసుడికీ పరదేశికీ ఎద్దుకీ గాడిదకీ వర్తిస్తుందని గుర్తుచెయ్యి. పన్నెండింటికి ఉపాధి హామీ గుంటలో పలుగు పట్టుకున్న మనిషికి ఆ ఆజ్ఞ ఏమిస్తోందో అడుగు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకో. ఆ కూలి అక్కనే పాపివన్నట్టు మాట్లాడకు. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తే మన దేశంలో రెండు టన్నుల చిల్లర. ఆ రెండులోనూ ఆమె వంతు అతి తక్కువ. పశ్చాత్తాపం బోధించేటప్పుడు ఎవరి ముందు నిలబడి బోధిస్తున్నామో చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేలకు తగ్గకుండా జనం పోయారు. ఇలాంటి ప్రతి విపత్తుకూ చచ్చినవాళ్ల పాపాన్ని లెక్కగట్టే ప్రసంగీకులు పుట్టుకొస్తారు. లూకా 13లో సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది గురించి యేసు ఆ లెక్కను ఒప్పుకోలేదు. నువ్వూ ఒప్పుకోవద్దు. ఉప్పెన ఎందుకు వచ్చిందని తీర్పు చెప్పే బదులు, అది మళ్లీ వస్తే అడ్డుకునేది ఏముందని అడుగు. 1999 సూపర్ సైక్లోనులో ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో మడ అడవులు దట్టంగా మిగిలిన చోట్ల వెనకున్న ఊళ్లలో మరణాలు తగ్గాయని తర్వాత పరిశోధకులు తేల్చారు. మన కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లోనూ మడ అడవులున్నాయి. రొయ్యల చెరువుల కోసం వాటిలో కొంత భాగం నరికేశారు.

ఇక్కడే నీకు అసలైన కష్టం. తీరంలో చెరువులు తవ్వకూడదని 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చినా సాగు ఆగలేదు. ఉప్పునీరు పక్క వరి చేలోకి ఊరుతుంది, కాలనీ బోర్లలోకి దిగుతుంది. ఆ చెరువుల యజమానులు కొందరు మన సంఘాల్లోనే ఉన్నారు, దశమభాగాలూ భారీగానే ఇస్తారు. అందుకే బల్లగుద్ది చెట్లు నాటమని చెప్పినంత తేలిగ్గా ఈ మాట రాదు. రాజులు మొదటి గ్రంథం 21 తీసుకో. నాబోతు ద్రాక్షతోట కూరతోటకు పనికొస్తుందని ఆహాబుకు అనిపించింది, మిగతా పని యెజెబెలు చూసుకుంది. ఏలీయా నేరుగా రాజు దగ్గరికే వెళ్లాడు. నువ్వు ఎవరి పేరూ ఎత్తకు, వేదిక మీంచి ఎవరినీ సిగ్గుపరచకు. ఆ కథను మాత్రం దాటవేయకు. ప్రసంగానికి ముందే వాళ్లలో ఒకరింటికి వెళ్లి మాట్లాడగలిగితే ఇంకా మంచిది. అప్పుల్లో చిక్కి, రోగాలొచ్చి రొయ్యలు చచ్చి, వాళ్లు పడే బాధలు కూడా నీకు అర్థమవుతాయి.

సంఘం తన ఇంటిపని తను చేసుకోకుండా లోకానికి చెప్పే హక్కు లేదు. క్రిస్మస్ విందుకు థర్మాకోల్ పళ్లేల బదులు ఆకులు. మహాసభలకు కట్టే ఫ్లెక్సీల లెక్క. రేకుల కప్పు మీద తెల్ల సున్నం వేస్తే లోపల ముసలివాళ్లకు కాస్త వేడి తగ్గుతుంది. వేసవి ఆరాధన ఉదయం ఏడింటికే మొదలుపెట్టొచ్చు. ఇవన్నీ ఒక్కసారి అడిగితే ఒక్కటీ జరగదు. అందుకని సంఘ కమిటీని ఒకే పని అడుగు: కాలనీ బోరు నీళ్లను పరీక్ష చేయించి, ఫలితాన్ని ఆరాధనలో చదవమను. ఉప్పు తేలితే ఆ తర్వాత ఏం చేయాలన్నది అందరి ప్రార్థనాంశమవుతుంది, పంచాయతీకి పెట్టే అర్జీ కూడా అవుతుంది.

ప్రసంగం ఇరవై నిమిషాలు మించనీయకు. రాతప్రతి వారం ముందే పంపితే చూసి పెడతాను. నాబోతు భాగం తీసేసి మాత్రం పంపకు.

ప్రభువు ప్రేమలో,
మీ పెదనాన్న