పొదుగునకు వచ్చిన పెట్టల పోషణము: పల్నాటి రైతులకు సూచనలు

పల్నాటి సీమలో పెరటికోళ్ల వ్యవహారమంతయు ఇంటి ఆడువారి చేతిలోనిది. మిరప, ప్రత్తి పైరులకు పైసా పైసా లెక్క వ్రాసికొను రైతు కోళ్ల లెక్క వ్రాయడు. బ్రహ్మనాయుని పుంజునకును నాగమ్మ పుంజునకును జరిగిన పోరునుగూర్చి వినని వారు ఈ సీమలో లేరు గాని, పుంజులను పొదిగి పెంచెడి పెట్టను విచారించువారు మిక్కిలి యరుదు. ఆదాయము పోవుచున్నది అచ్చటనే.

నాటుపెట్ట సాధారణముగా 12 మొదలు 15 వరకు గుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. పొదిగెడి 21 దినములును, పిల్లలను వెంట ద్రిప్పుకొను రెండు మూడు నెలలును అది మరల గుడ్డు పెట్టదు. కావున ఏటికి మూడు నాలుగు విడతలకంటె ఎక్కువ రావు. ఏ పెట్టను పొదగనీయవలయునో, దేనిని మాన్పింపవలయునో రైతే నిర్ణయింపవలయును. ఆ పని పెట్టకు విడిచిన యెడల నడివేసవిలోగూడ అది వట్టిగూటిని పట్టుకొని కూర్చుండి, తిండి మాని చిక్కిపోవును.

ఈ సీమకు వేసవియే పెద్దచిక్కు. రెంటచింతల యెండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. ఇంచుమించు 21 డిగ్రీల వేడికి పైబడినంతనే గుడ్డులోని జీవము మెల్లగా ఎదుగ నారంభించును. 40 డిగ్రీలు దాటిన ఇంటిలో నాలుగైదు దినములు నిలువయున్న గుడ్డు పెట్ట క్రిందికి చేరకమునుపే కొంత యెదిగి చచ్చును. పిమ్మట పెట్టను నిందించి ప్రయోజనమేమి? పిల్లలకొరకు పొదిగించుటకు అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు తగినకాలము. వేసవిలో పొదిగింపక తప్పనిచో మూడు దినములకు మించని గుడ్లనే యేరి, అంతవరకు వానిని తడియిసుకలో పాతిన కుండయందు, నీరు తగులకుండ, లావుకొన పైకి వచ్చునట్లు ఉంచవలయును.

మాన్పింపదలచిన పెట్టను మొదటి దినమే గుర్తింపవలయును. గూడు విడువక, ఈకలు విప్పి, చేయి చాచినచో పొడిచి, కొక్కొక్కుమని తిరుగుచున్న పెట్ట పొదుగునకు వచ్చినదని యెరుగునది. ముక్కులో ఈక గ్రుచ్చుట, చీకటిలో కట్టివేయుట, నీటిలో ముంచుట కొందరు చేయుదురు. ఇవి హింసయే గాని వైద్యము కావు. పొదుగుకోరిక నిలుచుటకు కడుపు క్రింది వెచ్చదనమే ముఖ్యాధారము. ఆ వెచ్చదనము తగ్గించిన చాలును. అడుగున వెదురుబద్దలు సందులుగా కొట్టిన గంపనో పెట్టెనో నేలకు జానెడెత్తున రాళ్లపై నిలిపి, గడ్డి వేయక, అందు పెట్టనుంచి, నీడన గాలి తగులునట్లు చేయవలయును. మేత, నీరు ఎప్పటివలెనే ఉండవలయును. ఆకలి పెట్టినచో గుడ్లు మరింత ఆలస్యమగును. మూడు నాలుగు దినములలో కోరిక సాధారణముగా తగ్గును. ప్రతిదినము సాయంకాలము గుడ్లు తీసివేయు ఇంట పొదుగుచిక్కే తక్కువ.

పొదగనీయు పెట్ట నిబ్బరముగలదై, పేలు లేనిదై యుండవలయును. పేలున్న పెట్ట నడుమనే గుడ్లు విడిచి లేచిపోవును. గంపలో బూడిద చల్లి, పైన ఎండుగడ్డియు ఎండిన వేపాకును పరచి, చీకటి పడిన తరువాత 10 లేక 12 గుడ్లు వేయునది. దినమునకొకసారి కొంతసేపు పెట్టను లేపి మేత, నీరు ఇచ్చి, బూడిదలో పొర్లనీయవలయును. ఏడవ దినము రాత్రి దీపమునకు అడ్డముగా గుడ్డును పట్టి చూచినచో నెత్తుటి నరములు కనబడును, కనబడనివి తీసివేయుడు. 21వ దినమున పెంకు పగులుచుండగా మీరు విప్పబోవలదు. పిల్ల దానంతటదియే రావలయును.

హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాసంస్థ వారు రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు గుడ్లు ఎక్కువ పెట్టును గాని పొదుగుటకు సాధారణముగా కూర్చుండవు. మన అసీలు పెట్టకు తల్లితనము మెండు. ఆ జాతుల పొదుగుగుడ్లను అధికృతస్థానములనుండి తెచ్చి నాటుపెట్ట క్రింద వేసిన యెడల రెండు లాభములు కలుగును. అయితే ఇంటనే పెరిగిన వనరాజ గుడ్లను మరల పొదిగించినచో పిల్లలు తల్లివలె రావు, సంకరజాతియగుటయే కారణము.

పిల్లలకు కొక్కెర తెగులు భయము గలదు. మొదటి వారమున కంటిలో చుక్కమందును, ఎనిమిదవ వారమున సూదిమందును పశువైద్యశాలలో వేయింపవలయును.

సాధ్యమైనచో రెండు పెట్టలను ఒకే రాత్రి పొదగవేయుడు. పిల్లలు లేచిన రాత్రి, రెండు గంపల పిల్లలను మచ్చికగల పెట్ట క్రిందికి చీకటిలో చేర్చి, రెండవదానిని బద్దలపెట్టెలో నాలుగు దినములుంచి విడిచినచో అది రెండుమూడు వారములలో మరల గుడ్లకు రావచ్చును. పిల్లలతో నున్న పెట్టనుగూడ ఎనిమిదవ వారము నిండగనే వేరు చేయుడు. ఏ పెట్ట ఎన్నడు కూర్చుండినదో తెలియుటకు కాలికి రంగుదారము కట్టి, గోడమీద బొగ్గుతో గీత గీసికొనినను చాలును.