నాంది: వాదన తడబడినా నిలబడిన నటన

'నాంది' సినిమా నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఆకివీడులో మా ఇంట్లో, ఫోన్‌లో. తెగ నచ్చేసింది. రెండోసారి ఈ వ్యాసం కోసం పెన్నూ పేపరూ పెట్టుకుని చూశాను. ఈసారి కోర్టు సినిమాగా చాలా వీక్ అనిపించింది. మరి మొదటిసారి నన్ను కూర్చోబెట్టింది ఏంటి? అల్లరి నరేష్.

ముందు బేసిక్స్. 2021 ఫిబ్రవరి 19న వచ్చింది. దర్శకుడు విజయ్ కనకమేడలకి ఇదే మొదటి సినిమా. సూర్యప్రకాష్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చేయని హత్య కేసులో ఇరికిస్తారు. ఐదేళ్లు విచారణ ఖైదీగా ఉంటాడు. ఆద్య అనే లాయర్ (వరలక్ష్మీ శరత్‌కుమార్) అతని తరఫున నిలబడి, ఇరికించిన వాళ్ల మీద ఐపీసీ 211 సెక్షన్‌తో పోరాడుతుంది.

ఈ సెక్షన్ కొంచెం అర్థం చేసుకోవాలి. 2024లో ఐపీసీ రద్దయ్యేదాకా, ఒకరి మీద తప్పుడు కేసు పెట్టడం నేరమని ఇది చెప్పేది. కానీ కేసు తప్పని తేలితే సరిపోయేది కాదు. ఆధారం లేదని తెలిసీ, హాని చేయాలనే ఉద్దేశంతోనే పెట్టారని రుజువు చేయాల్సి ఉండేది. ఎదుటివాడి మనసులో ఏముందో కోర్టులో ఎలా చూపిస్తారు? అసలు డ్రామా అక్కడ ఉండాలి. సెకండాఫ్ మాత్రం ట్విస్టుల వెనక, విలన్ల ఎత్తుల వెనక పరుగెడుతుంది. కొల్లేట్లో గుర్రపుడెక్క కమ్మేసినట్టు, కింద నీళ్లున్నా పైకి కనపడవు. 2025లో వచ్చిన 'కోర్ట్' చూసినవాళ్లకి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ కేసే కథని నడిపించింది.

ఇప్పుడు నరేష్ సంగతి. ఒక రకంగా మన పక్క ఊరోడే. రైల్లో తాడేపల్లిగూడెం దాటితే నిడదవోలు, ఆ దగ్గర్లోని కోరుమామిడే వాళ్ల నాన్న ఈవీవీ సత్యనారాయణ గారి ఊరు. 2002లో 'అల్లరి'తో మొదలై ఏళ్ల తరబడి నవ్వించాడు. గడగడా మాట్లాడటం, ఒంటినిండా కదలికలు, అదే ఆయన కామెడీ. 'నాంది'లో ఆ రెండూ తీసి పక్కన పెట్టేశాడు. స్టేషన్‌లో బట్టల్లేకుండా ఉన్న సీన్‌లో హీరోయిజం ఒక్క చుక్క ఉండదు. సిగ్గు, భయం, అసలు ఏం జరుగుతోందో అర్థం కాకపోవడం, అంతే. జైల్లో ఏళ్లు గడిచేకొద్దీ మాట తగ్గిపోతుంది, భుజాలు వంగిపోతాయి.

అది నిజమని నాకెలా తెలుసంటే, ఇంటర్‌లో హాస్టల్‌లో ఒకడి వాచ్ పోయింది. అందరూ నన్నే అనుమానించారు. "నేను తియ్యలేదు" అని ఎంత గట్టిగా అరిస్తే అంత దొంగలా కనిపించాను. రెండో రోజుకి నోరు మూసుకున్నా. తర్వాత ఆ వాచ్ వాడి బ్యాగులోనే దొరికింది. ఎవరూ సారీ చెప్పలేదు. నాది రెండు రోజులు. సూర్యప్రకాష్‌ది ఐదేళ్లు. అతను అరవడం మానేసిన చోట నాకు గొంతు పట్టేసింది.

ఇది సినిమా బాధ మాత్రమే కాదు. 2022 చివరి లెక్కల ప్రకారం మన దేశం జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. వాళ్లలో తప్పు చేయనివాళ్లు ఎంతమందో మనకి తెలీదు. నరేష్ ముఖం చూశాక ఆ అంకె నాకు అంకెలా అనిపించట్లేదు.

నేను నేర్చుకున్న పాఠం ఇది: కథ బాగుందా, నటన బాగుందా అన్నవి రెండు వేరే ప్రశ్నలు. వేరువేరుగా అడగాలి. మీరూ ట్రై చేయండి. 'నాంది' ఫస్టాఫ్‌ని ఒక పది నిమిషాలు మ్యూట్‌లో పెట్టి చూడండి. డైలాగ్ ఒక్కటీ వినపడకపోయినా, ఆ మనిషి తప్పు చేయలేదని మీకు అర్థమైపోతుంది. సెకండాఫ్‌లో లాయర్లు అంతసేపు మాట్లాడీ చేయలేకపోయిన పని అదే.