చెరిపిన సమాచారం నిజంగా పోతుందా?

నిడుగల్లు, పావగడ ప్రాంతాల నుండి బెంగళూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబాలకు కంప్యూటర్ నేడు బీరువా వంటిది. ఊరి పొలం పహణి, ఆధార్ ప్రతి, బ్యాంకు పత్రాలు, పెండ్లి ఫోటోలు దాని హార్డ్ డిస్కులోనే ఉంటాయి. పొరపాటున చెరిపిన ఫైలు తిరిగి దొరుకుతుందా? పాత కంప్యూటర్‌ను ఎస్.పి. రోడ్డులో అమ్మితే, చెరిపిన ఫైలు ఇతరుల కంటపడుతుందా? ఈ రెండు ప్రశ్నలకు మూలం ఒక్కటే.

చెరపడమంటే ఏమిటి?
ఏ ఫైలు ఎక్కడున్నదో తెలిపే పట్టిక ఒకటి డిస్కులో ఉంటుంది. ఫైలును చెరిపి, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసినప్పుడు ఆ పట్టికలోని నమోదు మాత్రమే రద్దవుతుంది. అసలు సమాచారం, దానిపై కొత్తది రాయబడే వరకు, అక్కడే నిలిచి ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా ఇదే స్థితి.

రెండు ఉదాహరణలు
అమెరికా పరిశోధకులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి శెలత్ 158 పాత డిస్కులను కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కులలో సక్రమంగా శుభ్రపరచినవి 12 మాత్రమే. తక్కిన వాటిలో ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య వివరాలు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి.

హైదరాబాదులో 2009లో వెలుగుచూసిన సత్యం కంప్యూటర్స్ కేసులో, సంస్థ కంప్యూటర్ వ్యవస్థలో 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు దాగి ఉన్నట్లు సి.బి.ఐ. గుర్తించింది. అవి చెరిపినవి కావు, దాచినవి. అయినను పాఠం ఒక్కటే: తెరపై కనబడనంత మాత్రాన లేనట్లు కాదు.

పోయిన ఫైలు కావాలంటే
వెంటనే ఆ కంప్యూటర్ వాడకాన్ని ఆపాలి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులో ఎక్కించరాదు; ఎక్కిస్తే వెతుకుతున్న ఫైలుపైనే అది రాయబడవచ్చు. డిస్కును మరొక కంప్యూటర్‌కు తగిలించి వెతకడం మేలు. డిస్కు టక్‌టక్‌మని చప్పుడు చేస్తే కరెంటు ఆపి నిపుణునికి అప్పగించాలి, విప్పి చూడరాదు. ఎస్.ఎస్.డి. రకం డిస్కులలో ట్రిమ్ అనే ఏర్పాటు చెరిపిన సమాచారాన్ని త్వరగా తొలగిస్తుంది కనుక వాటిలో ఆశ తక్కువ. ముఖ్య పత్రాలకు వేరొక చోట రెండో ప్రతి ఉంచుకోవడమే నిజమైన రక్షణ.

అమ్మే ముందు
కావలసిన వాటిని భద్రపరచి, డిస్కు మొత్తాన్ని ఒకసారి తిరగరాయాలి. నేటి హార్డ్ డిస్కులకు ఒక్కసారి పూర్తిగా తిరగరాస్తే చాలును. ముప్పై ఐదు సార్లు రాయాలన్నది పాతకాలపు మాట. విండోస్ రీసెట్‌లో డ్రైవ్‌ను శుభ్రపరచే ఎంపికను తప్పక ఎంచుకోవాలి. ఎస్.ఎస్.డి.కి తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పనిచేయని డిస్కును తిరగరాయలేము. దానిని అలాగే అమ్మక, ముందు పగులగొట్టి, తరువాత అనుమతి పొందిన ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇవ్వాలి.