బ్యారెల్ పొడుగైతే గురి కుదురుతుందా? రివాల్వర్ వెనక చిన్న లెక్క

కడపలో ఉండే మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, రివాల్వర్‌కి లాంగ్ బ్యారెల్ పెట్టుకోవాల్నా, షార్ట్ చాలునా?" వెనక నుంచి పిన్ని "ఫోన్లో ఆ మాటలేందిరా!" అని కేకేసింది. మన సీమ మీద సినిమాలు తీసినోళ్ల పుణ్యం. వాడు అడిగింది రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గేమ్ గురించి. కానీ అసలు సంగతి వేరే. వచ్చే నెల పిస్టల్ షూటింగ్ కోచింగ్‌లో చేరుతున్నాడు, అక్కడా పొడుగుదే కొనాలని పట్టు.

ఆ గేమ్‌లోని క్యాటిల్‌మ్యాన్‌ని చూస్తే 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ గుర్తొస్తుంది. సింగిల్ యాక్షన్ అంటే ప్రతి షాట్‌కీ హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాలి, ట్రిగర్ దాన్ని వదిలిపెడుతుందంతే. ఈ కోల్ట్ ముఖ్యంగా మూడు సైజుల్లో వచ్చింది: 7½, 5½, 4¾ అంగుళాలు. గుర్రం మీద వెళ్లే సైనికుడికి 7½ ఇచ్చారు. నడుముకి కట్టుకుని తిరిగేవాళ్లకి 4¾ హాయి, చటుక్కున బయటికొస్తుంది.

పొడుగు బ్యారెల్‌లో గ్యాస్ బుల్లెట్‌ని ఇంకాసేపు నెడుతుంది కాబట్టి వేగం కొంచెం పెరుగుతుంది. అయితే రివాల్వర్‌లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఉంటుంది, కొంత గ్యాస్ అక్కడే పోతుంది. అసలు లాభం వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య దూరంలో ఉంది. ఆ దూరం 150 మి.మీ. అనుకోండి. ముందు సైట్ అర మిల్లీమీటర్ పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర దెబ్బ 33 మి.మీ. తప్పుతుంది. అదే 220 మి.మీ. అయితే 23. అంటే గన్ మెరుగవ్వలేదు, మన కంటి తప్పు చిన్నదైంది. స్కోప్ బిగిస్తే ఈ లాభం పోయినట్టే.

మరి నష్టం? ముందు బరువు. చెక్క స్కేల్ చివర ఫోన్ కట్టి, ఫైఫాక్స్ యాప్‌లో సెన్సర్ గ్రాఫ్ పెట్టి చెయ్యి చాపి నిలబడ్డాను. మొదట్లో వణుకు నెమ్మదిగానే ఉంది, కాసేపటికి భుజం లాగేసి గ్రాఫ్ అంతా గీతలు. కర్నూలు మే నెల మధ్యాహ్నం ఈ టెస్ట్ చేయకండి, ఫోన్ కూడా వేడెక్కిపోద్ది.

మా పెదనాన్నకి లైసెన్స్ ఉన్న .32 ఉండేది, కాన్పూర్‌లో తయారైంది, 3 అంగుళాల బ్యారెల్. నాకు తెలిసి ఆయన ఒక్కసారీ పేల్చలేదు. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించి రావడం, అయ్యాక తెచ్చుకోవడం, అంతే. దానికి ఆ పొడవు ఎక్కువే. లైసెన్స్ లేకుండా దీని జోలికి పోతే నేరం, అది వేరే చెప్పక్కర్లేదు.

పోటీల్లో పొడుగు మన ఇష్టం కాదు. మన హైదరాబాద్ ఈషా సింగ్ 2023 ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌కి బ్యారెల్ 153 మి.మీ. మించకూడదు, సైట్ల మధ్య 220 దాటకూడదు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అయితే 420×200×50 మి.మీ. పెట్టెలో పట్టాలి.

వాడికి చెప్పింది ఇదే: గేమ్‌లో లాంగ్ పెట్టుకో, అక్కడ భుజం నొప్పి లేదు. కోచింగ్‌లో మాత్రం మొదటి రెండు నెలలు క్లబ్ పిస్టల్‌తోనే కాల్చు, ఏదీ కొనొద్దు. "సరే అన్నా, అయితే ఆ డబ్బులతో గ్రాఫిక్స్ కార్డ్ కొనొచ్చా?" అన్నాడు. ఫోన్ పిన్నికి ఇవ్వమన్నాను.