బ్రేకు గొట్టం

సాలూరు లారీల ఊరు. అక్కడి నుంచి ఒడిశా రోడ్డు కొండెక్కి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్తుంది. ఎక్కేటప్పుడు ఇంజనుకు పని. దిగేటప్పుడు బ్రేకుకు పని.

డ్రైవరు తొక్కిన తొక్కుడు చక్రం దాకా ఎలా వెళ్తుంది? కార్లలో, జీపుల్లో సన్నటి ఇనప గొట్టంలో బ్రేకు ఆయిలు ఉంటుంది. తొక్కితే ఆ ఆయిలు వెళ్లి చక్రం దగ్గరి బ్రేకును నొక్కుతుంది. ముందు చక్రాలు అటూ ఇటూ తిరగాలి కదా, అక్కడ రబ్బరు గొట్టం పెడతారు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టం లోపల తుప్పు పడుతుంది. బురద, ఉప్పుగాలి పైనుంచి తినేస్తాయి. చాలా పాత కార్లలో, జీపుల్లో నాలుగు చక్రాలకూ ఆయిలు దారి ఒక్కటే. ఒకచోట చిల్లు పడితే నాలుగు బ్రేకులూ పోతాయి.

చిల్లు దగ్గర కోసి, రబ్బరు ట్యూబు తొడిగి, తీగ చుట్టేస్తారు కొందరు. అదేమైనా మొక్కలకు నీళ్లు పట్టే గొట్టమా? గట్టిగా తొక్కితే ఊడిపోతుంది. కొత్త గొట్టమే వెయ్యాలి. వేశాక లోపలి గాలి తియ్యాలి. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గరి చిన్న మర వదులు చెయ్యాలి. ఆయిలుతో బుడగలు వస్తాయి. మర బిగించాకే కాలు తియ్యాలి, లేకపోతే గాలి మళ్లీ దూరుతుంది. బుడగలు ఆగేదాకా ఇదే పని.

పెట్రోలు రబ్బరు గొట్టం పగిలినా మార్చాల్సిందే. ఇంజను చల్లారాక, బ్యాటరీ తీగ ఊడదీసి మార్చాలి. దగ్గర్లో చుట్ట కాల్చకూడదు, అడ్డపొగైనా సరే.

సంతకెళ్లే జీపు చక్రం లోపలి పక్క తడిగా ఉందా? రెండు మూడుసార్లు తొక్కితే గాని ఆగడం లేదా? "ఏటి బాబూ, ఈ తడేటి?" అని అడగండి. "ఏటీ కాదు మామ్మా, ఎక్కు" అంటే ఎక్కకండి.