ఆర్ భాషలో జిల్లా లెక్కలు: దోషములను వెదకు విధము

2011 సంవత్సరపు జనగణన ప్రకారము ఆదిలాబాదు జిల్లా జనసంఖ్య 27,41,239. అయితే 2016 తరువాత వెలువడిన పట్టికలలో ఆదిలాబాదు జిల్లా కెదురుగ 7,08,972 అను సంఖ్య కానవచ్చును. ఈ రెండవ సంఖ్యయు 2011 జనగణన నుండి తీసినదే. ఒకే పేరుగల జిల్లాకు, ఒకే యేటికి, ఒకే గణనకు రెండు సంఖ్యలు! రెండును సత్యములే. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, తెలంగాణములోని 10 జిల్లాలు 31 గా విభజింపబడెను. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యెను. పాత ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు అని నాలుగైనది. నాలుగింటిలో ఒకదానికి పాత పేరే నిలిచినది.

ఈ సంగతి మన ప్రాంతమున బాలురకు సైతము తెలియును. కంప్యూటరునకు తెలియదు. ఈ భేదమువలన లెక్కలలో పుట్టు దోషములను, వానిని పట్టుకొను మార్గమును ఈ వ్యాసమున వివరించుచున్నాము. గణాంకపు పనులకు లోకమంతట వాడబడు ఆర్ అను కంప్యూటరు భాషను ఇందుకు సాధనముగ గైకొంటిమి. దీనిని న్యూజీలాండు దేశమందలి ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను ఇరువురు 1990 తరువాతి సంవత్సరములలో నిర్మించిరి. ఇరువురి పేళ్లును ఆర్ అను అక్షరముతోనే మొదలగుట గమనింపదగినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1976లో పుట్టిన ఎస్ అను భాష దీనికి మాతృక. 1995 నుండి ఇది ఎల్లరకు ఉచితముగ లభించుచున్నది గాన, పిల్లవాడు దీనిని నేర్వగోరినయెడల తల్లిదండ్రులు రొక్కము వెచ్చింపనక్కఱలేదు. పాతదైనను ఒక కంప్యూటరు చాలును.

ఆర్ భాషతో పనిచేయువారికి రెండు తెఱగుల దోషములు ఎదురగును. మొదటిది అఱచు దోషము. ఆజ్ఞలో కుండలీకరణమొకటి మఱచినను, పేరునందు అక్షరము తప్పినను, యంత్రము పని నిలిపి ఎఱ్ఱని అక్షరములతో తప్పును చూపును. విద్యార్థులు దీనిని చూచి బెదరుదురు. బెదరవలసిన పనిలేదు; ఆ వాక్యమును నెమ్మదిగ చదివినచో సగము చిక్కు అప్పుడే విడిపోవును. రెండవది మౌనదోషము. యంత్రము అడిగిన పనిని ముగించి చక్కని పట్టికను ముందుంచును. ఎఱ్ఱని అక్షరము ఒక్కటియు కనబడదు. సమాధానము మాత్రము తప్పు. మా యభిప్రాయమున కాలము వ్యయపెట్టి నేర్వవలసినది ఈ రెండవదానిని గూర్చియే.

ఒక విద్యార్థి వద్ద రెండు పట్టికలు గలవనుకొందము. ఒకటి 2011 జనగణన పట్టిక. అందు తెలంగాణపు పది జిల్లాల జనసంఖ్య యున్నది. రెండవదానిలో నేటి 33 జిల్లాల వైశాల్యము చదరపు కిలోమీటరులలో నున్నది. చదరపు కిలోమీటరునకు జనులెందఱో కనుగొనగోరి, ఆతడు మర్జ్ అను ఆజ్ఞచే జిల్లాపేరు ఆధారముగ రెంటిని కలిపెను. మర్జ్ యొక్క స్వభావమేమనగా, రెండు పట్టికలయందును గల పేళ్లను మాత్రమే నిలుపును. తక్కిన వరుసలను చెప్పకయే విడిచిపెట్టును. అక్షరక్రమము సరిగానున్నయెడల పది పాత పేళ్లును 33లో దొరకును. ఫలితముగ పది వరుసల పట్టిక వచ్చును. పది జిల్లాలు వేసితిని, పది వచ్చినవి అని విద్యార్థి తృప్తి చెందును. ఇరువదిమూడు జిల్లాలు నిశ్శబ్దముగ మాయమైనవి.

ఆదిలాబాదు వరుసలో ఏమి జరిగినదో చూడుడు. 27,41,239 జనులను కొత్త ఆదిలాబాదు వైశాల్యమగు 4,153 చేత భాగించిన చదరపు కిలోమీటరునకు 660 మంది వచ్చుచున్నారు. పాత కరీంనగరు జిల్లా సాంద్రత 2011లో సుమారు 319. అనగా అడవులు, గుట్టలుగల ఆదిలాబాదు, చెఱువులు, మాగాణములుగల కరీంనగరుకంటె రెండింతలు క్రిక్కిఱిసియున్నదని లెక్క చెప్పుచున్నది! ఉట్నూరు మీదుగ ఒక్కమారు బస్సులో పోయినవాడెవడును దీనిని నమ్మడు. పాత జనసంఖ్యను పాత వైశాల్యమగు 16,105తో భాగించిన 170 వచ్చును. కొత్తదానిని కొత్తదానితో భాగించినను 171. దేశమును కన్నులార చూచియుండుట గణాంకశాస్త్రమున ఎంత యక్కఱకు వచ్చునో దీనివలన తెలియగలదు.

ఈ చిక్కును మన గ్రామములలోని భూమి లెక్కలు ఎంతోకాలము క్రిందటనే పరిష్కరించినవి. 12 ఎకరముల 20 గుంటల సర్వే నంబరు ముగ్గురన్నదమ్ములకు పంచబడినదనుకొందము. పెద్దవాని భాగమునకు పాత నంబరే మిగుల్చు ఆచారము లేదు. నంబరు 45 అయిన, మువ్వురకును 45/అ, 45/ఆ, 45/ఇ అని బై నంబరులు పడును. అన్ని బై నంబరుల విస్తీర్ణమును కూడిన సేత్వారులోని మొత్తమునకు సరిపోవలెను. గుంట తేడా వచ్చినను నాటి పట్వారీ మరల మొదటినుండి కూడవలసి వచ్చెడిది. జిల్లాల విభజనలో ఇట్టి గుర్తు పడలేదు. ఆదిలాబాదు అను పేరు మొత్తమునకును, అందొక భాగమునకును నిలిచినది. కావున ఆ గుర్తును మనమే వేయవలయును. పట్టికలో జిల్లాపేరు ప్రక్కన హద్దుల సంవత్సరమునకై వేఱొక నిలువు వరుస చేర్చి, మర్జ్ చేయునపుడు పేరు, సంవత్సరము రెంటిని ఆధారముగ నియ్యవలెను. అపుడు ఆదిలాబాదు 2011, ఆదిలాబాదు 2016 ఒకదానితో నొకటి కలియవు. కలియకపోవుటయే మనకు కావలసిన సమాధానము.

తరువాత పట్వారీ వలెనే కూడి చూడవలెను. ఆదిలాబాదు 7,08,972, మంచిర్యాల 8,07,037, నిర్మల్ 7,09,418, కుమురం భీం ఆసిఫాబాదు 5,15,812. మొత్తము 27,41,239. ఒక్కరైనను తేడా లేదు. పాత జిల్లా నాలుగింటిలో సంపూర్ణముగ ఇమిడినదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఇక సంఖ్యల వ్రాతయందు దాగియుండు దోషము వేఱొకటి. మనము లక్షల పద్ధతిని 27,41,239 అని కామాలతో వ్రాయుదుము. ఆర్ భాష కామాగల సంఖ్యను సంఖ్యగ తలపదు, అక్షరమాలగ తలచును. దానిని ఆజ్.న్యూమరిక్ అను ఆజ్ఞచే సంఖ్యగ మార్పబోయిన, ఎన్ఏ అను గుర్తు నిచ్చి, చిన్న హెచ్చరికతో సరిపెట్టును. ఎన్ఏ యనగా విలువ లేదని యర్థము. ఒక్క ఎన్ఏ యున్నను మొత్తమును, సగటును ఎన్ఏ యగును. విసిగిన విద్యార్థి ఎన్ఏలను తొలగించి సగటు కట్టుమని ఆజ్ఞ యిచ్చును. ఇక్కడనే మోసమున్నది. వేయికి లోపలి సంఖ్యలకు కామా యుండదు గదా! గ్రామముల పట్టికయైనచో వేయి, అంతకు మించి జనులుగల గ్రామములన్నియు కొట్టుకొనిపోయి చిన్న గూడెములు మాత్రము మిగులును. వానిపై కట్టిన సగటు జిల్లాను ఉన్నదానికంటె మిక్కిలి చిన్నదిగ చూపును. ముందుగ జీసబ్ అను ఆజ్ఞచే కామాలను తీసివేసి, పిదప సంఖ్యగ మార్చుట సరియైన క్రమము. ఎన్ఏలెన్ని వచ్చినవో లెక్కింపక వానిని తొలగింపరాదు. ఏది ఎన్ఏ యని కనుగొనుటకు సమానచిహ్నము పనికిరాదు. ఎన్ఏ దేనికిని సమానమని తేలదు, తనకు తాను సైతము. ఈజ్.ఎన్ఏ అను ప్రత్యేకాజ్ఞ అందుకే కలదు.

2020లో నాలుగవ సంపుటి వెలువడువఱకు ఇందొక అదనపు చిక్కుండెడిది. పట్టికను చదువునపుడు ఆర్ అక్షరమాలలను తనంతట తానే ఫ్యాక్టరులు అను వర్గములుగ మార్చుచుండెను. వానిని సంఖ్యలుగ మార్చిన అసలు విలువకు బదులు వరుసలోని స్థానము, ఒకటి, రెండు, మూడు, అని వచ్చెడిది. పాత పుస్తకములు చూచి నేర్చుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

పేళ్ల వ్రాత సంగతి చెప్పనే యక్కఱలేదు. కుమురం భీం, కొమురం భీం, కొమరం భీం; జగిత్యాల, జగిత్యాల్: ఒక్కొక్క కార్యాలయము ఒక్కొక్క విధముగ వ్రాయును. నిర్మల్ అను పేరు తుదిని కంటికి కానరాని ఖాళీ యొకటి చేరినను యంత్రమునకు అది వేఱొక జిల్లాయే. కలుపుటకు ముందు సెట్‌డిఫ్ అను ఆజ్ఞచే, మొదటి పట్టికలోనుండి రెండవదానిలో లేని పేళ్లేవో, రెండవదానిలోనుండి మొదటిదానిలో లేని పేళ్లేవో, రెండు దిక్కులనుండియు అడిగి చూడవలయును. ఒకే దిక్కున అడిగి ఊరకుండుట మేము తఱచు చూచు పొరపాటు.

శుభ్రపఱచుటయందును అతి పనికిరాదు. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో సిర్పూర్ (టి), సిర్పూర్ (యు) అను రెండు మండలములు గలవు. పేళ్లను చక్కజేయు తొందరలో కుండలీకరణములను తుడిచివేసినచో రెండును సిర్పూర్ అగును. అట్టి రెండు పట్టికలను మర్జ్ చేసిన, రెండేసి వరుసలు గలిసి నాలుగగును. ఒక్కొక్క సిర్పూరు జనులు రెండుమార్లు లెక్కకు వత్తురు. మర్జ్‌కు ముందు వరుసలెన్ని, తరువాత ఎన్ని, అని ఎన్‌రో అను ఆజ్ఞచే చూచువానికి ఇది వెంటనే పట్టుబడును. పాత కరీంనగరులో ముత్తారము పేరుగల మండలములును ఇట్లే రెండుండెను. ఒకటి మంథని వైపున, మఱియొకటి మహదేవపూరు వైపున.

శాతముల సగటు గూర్చి ఒక మాట. 2011 లెక్కల ప్రకారము అక్షరాస్యత ఆదిలాబాదు (కొత్తది) 63.46, మంచిర్యాల 64.35, నిర్మల్ 57.77, ఆసిఫాబాదు 56.72 శాతము. నాలుగింటిని కూడి నాలుగుచే భాగించిన సుమారు 60.58. పాత జిల్లా అసలు శాతము 61.01. జనసంఖ్య ననుసరించి తూకము వేసిన 60.98 వఱకు వచ్చుదుము. ఆ మిగిలిన స్వల్పభేద మెందుకు? అక్షరాస్యతను ఏడేండ్లు, అంతకు పైబడినవారిలోనే గణింతురు గాన తూకము సైతము వారి సంఖ్యతోనే వేయవలెను. గణితమున ఆసక్తిగల విద్యార్థులు ఆ సంఖ్యలను సంపాదించి చేసి చూతురుగాక.

ఈ తేడాలు బల్లమీది వినోదములు మాత్రమే కావు. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగకపోవుటచేత, పాఠశాలలు, వసతిగృహములు, ఆసుపత్రి పడకలు లక్షమందికి ఎన్నియో కట్టువారికి 2011 సంఖ్యలే చాలకాలము ఆధారమైనవి. కొత్త ఆదిలాబాదు పడకలను పాత జిల్లా జనులతో భాగించిన, ఉన్నదానిలో సుమారు నాలుగవవంతు మాత్రమే కనబడును. పాత జిల్లా పడకలను కొత్త జిల్లా జనులతో భాగించిన దాదాపు నాలుగింతలు కనబడి, ఈ జిల్లాకు ఇక లోటు లేదని తోచును. రెండవ తప్పు కడు ప్రమాదకరము. కొండలమీది కొలాము గూడెములో జ్వరముతో పడియున్న బిడ్డకు ఆ పట్టికలోని సమృద్ధి మంచము కాజాలదు.

కరీంనగరు విషయము ఆదిలాబాదుకంటె కఠినము. కొత్త కరీంనగరు 10,05,711, జగిత్యాల 9,85,417, పెద్దపల్లి 7,95,332, రాజన్న సిరిసిల్ల 5,52,037. మొత్తము 33,38,497. పాత జిల్లాలో నుండినవారు 37,76,269. తక్కువపడిన 4,37,772 మంది ఎక్కడ? హుస్నాబాదు, కోహెడ, బెజ్జంకి సిద్దిపేటలో చేరినవి. కమలాపూరు, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వరంగల్ పట్టణ జిల్లాకు పోయినవి. ఆ జిల్లాయే 2021లో హనుమకొండ యని పేరు మార్చుకొన్నది. కాటారము, మహదేవపూరు, మల్హర్‌రావు మొదలగునవి భూపాలపల్లిలో నున్నవి. అనగా పాత కరీంనగరును జిల్లాల కూడికతో తిరిగి కట్టలేము. మండలముల స్థాయికి దిగవలయును. 2016లో కొన్ని మండలములు సైతము చీలి కొత్తవి పుట్టినవి గావున, అక్కడ ఇంకను దిగి గ్రామము వఱకు పోవలయును. 2011 జనగణనలో ప్రతి గ్రామమునకు ఆఱంకెల సంకేత మొకటి కలదు. ఊరు ఏ మండలమునకు, ఏ జిల్లాకు మారినను ఆ గణన పట్టికలోని సంకేతము మారదు. మర్జ్ చేయుటకు పేరుకంటె అది నమ్మదగినది.

ఇంకను వెనుకకు పోగోరువారికి ఈ పని మఱింత పెరుగును. 1905 వఱకు కరీంనగరు జిల్లాకు ఎలగందుల యని పేరు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు కిన్వట్, రాజూరా తాలూకాలు ఆదిలాబాదు నుండి విడి బొంబాయి రాష్ట్రమున చేరెను. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. కాబట్టి 1951, 1961 సంవత్సరముల ఆదిలాబాదు జనసంఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి పెరుగుదల కట్టుటకు ముందు, ఆ రెండు తాలూకాలను మొదటిదానినుండి తీసివేయవలెను.

చిక్కు ఎంతకును విడనపుడు పట్టికనంతటిని పట్టి పెనగులాడవలదు. సందేహముగల అయిదాఱు వరుసలను మాత్రము వేఱొక చిన్న పట్టికగ తీసి, చేతితో కాగితముపై జవాబు కట్టి, పిదప అదే ఆజ్ఞను ఆ చిన్న పట్టికపై నడిపి చూడుడు. సిర్పూరులు రెండు, నిర్మల్ ఒకటి, కామాగల సంఖ్య యొకటి, ఎన్ఏ యొకటి యుంచినచో చాలును. ఈ వ్యాసమున చెప్పిన దోషములలో పెక్కు అందులోనే బయటపడును.