భోజనమర్యాద

తినుట మనుష్యునకు పుట్టుకతోనే తెలియును. పరులతో గూడి తినుట మాత్రము నేర్చుకొనవలసియున్నది. ఆ నేర్పునకే భోజనమర్యాద యని పేరు.

ఈ మర్యాద దేశదేశమునకు మాఱుచుండును. అరబ్బులు భగవన్నామము నుచ్చరించి, మనవలెనే కుడిచేతితో భుజింతురు. జపానీయులు పుల్లలతో తిందురు. ఆ పుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చుట వారికి మిక్కిలి అశుభము. ఏలయన, మృతులకు నివేదించు అన్నమునందే అట్లు గ్రుచ్చుదురు. నూడిల్సును చప్పుడగునట్లు జుఱ్ఱుట అచ్చట తప్పు గాదు. ఐరోపావారి బల్లయొద్ద నదియే అమర్యాద. ఇథియోపియాలో ఒక్క పళ్లెరము చుట్టును పలువురు గూర్చుండి, ప్రేమచే నొకరి నోటికొకరు కబళ మందింతురు, మనకది యెంగిలి.

ఇందు నాగరికమేది? అనాగరికమేది? ఫోర్కు అనెడి ముండ్లచెంచాను థామస్ కోరియట్ అను ఆంగ్లయాత్రికుడు ఇటలీలో జూచి, 1611లో ప్రకటించిన తన గ్రంథమున వింతగా వర్ణించెను. ఆనాటి ఆంగ్లేయులు సాధారణముగా వ్రేళ్లతోనే తినుచుండిరి. కావున చేతితో తినువారిని జూచి నవ్వు ఆంగ్లేయుడు తన పూర్వులనే నవ్వుచున్నవాడగును.

సాధనములు మాఱినను మూలము మాఱదు. ప్రక్కనున్నవానికి నొప్పి కలిగింపకుండుటయే ఆ మూలము. మన పంక్తిలో అందఱికిని వడ్డన ముగియువఱకు కబళ మెత్తకుండుటయు, తక్కినవారు ముగింపకమున్ను లేవకుండుటయు నిందుకే గదా.

అయితే ఆ పంక్తిలో చోటే లేనివాని మాట యేమి? సిక్కుల మూడవ గురువగు అమరదాసు 16వ శతాబ్దమున, తన దర్శనార్థము వచ్చువారు ముందుగా అందఱితో నొక్క పంక్తిని భుజింపవలయునని నియమించెను. 1917లో కేరళమునందలి చెఱాయి గ్రామమున సహోదరన్ అయ్యప్పన్ ఈళవులను, పులయులను ఒక్కచోట భుజింపజేసెను. స్వజనులు ఆయనను వెలివేసి, "పులయ అయ్యప్పన్" అని యెగతాళి చేసిరి. ఆ పేరునే ఆయన గౌరవముగా గ్రహించెను.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసి, భోజనశాలలలో కులభేదమును నిషేధించినది. కాని శాసనము మన వంటయింటి అలమర వఱకు రాజాలదు. పనిమనిషికై వేఱుగా నుంచిన గ్లాసొకటి అచ్చట నున్నయెడల, మనము నేర్చిన మర్యాదలన్నియు నిష్ఫలములే.

చదువరులారా! నేడే ఆ అలమర తెఱచి చూడుడు.